లారీ కమాన్ కట్టతో చేయించిన కత్తి, ఆరు నెలలు వాడినాక

ముందే చెప్పేస్తా, నాకు కత్తుల పిచ్చి ఏమీ లేదు. దామలచెరువు పక్కన మాకు రెండెకరాల మామిడితోట ఉండాది, డ్రిప్పు పైపు కోసేదానికి, చిన్న కొమ్మలు చెక్కేదానికి, దాహమేస్తే టెంకాయ కొట్టేదానికి ఒక గట్టి కత్తి కావాలి, అంతే. పోయినేడు ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించినా, పేరెందుకులే, డీ2 అనే గట్టి పనిముట్ల స్టీలు, వెన్ను (పదునుకి ఎదురు వైపు) మందం 6 మి.మీ., 2,800 రూపాయలు. చేతిలో పట్టుకుంటే సినిమా విలన్ ఫీలింగు. వంటింట్లో ఎర్రగడ్డ మీద పెట్టేసరికి ఆ ఫీలింగు మొత్తం దిగిపోయింది, క్యారెట్ అయితే తెగలా, టప్పున పగిలి సగం ముక్క స్టవ్ కిందికి పోయింది.

స్టీలు తప్పేమో అనుకున్నా గానీ కాదు. లేత్ వర్క్‌షాప్ ఫ్రెండు దగ్గర వెర్నియర్ (మందం కొలిచే సాధనం) తెచ్చి కొలిస్తే పదునుకి కాస్త పైనే 1.2 మి.మీ. మందం ఉండాది. అంటే ఎంత నూరినా అది కట్టెలు చీల్చే మొద్దు ఇనుమే, కత్తి కాదు.

ఆ తర్వాత చిత్తూరు రోడ్డులో కొలిమి పెట్టుకున్న ఒకాయన దగ్గరికి పోయినా. పాత లారీ కమాన్ కట్ట (కుదుపు ఆపేదానికి చక్రాల దగ్గర వేసే స్ప్రింగు పట్టీ) చూపించి "దీంతో 5 మి.మీ. మందం ఉంచి చెయ్యన్నా" అంటే నవ్వి "కొట్టేదానికా సామీ, కోసేదానికా? రెండూ అంటే మూడున్నర చాలు" అన్నాడు. మందం సగమైతే వంగకుండా నిలబడే బలం ఎనిమిదో వంతుకి పడిపోతుందని ఎక్కడో చదివి భయపడినా గానీ, ఐదంగుళాల పొట్టి కత్తికి అంత బలం ఎక్కడ అవసరం చెప్పండి, దాన్నేమీ గడ్డపారలా వాడం కదా. పిడి దగ్గర మూడున్నర, మొనకి పోయేసరికి రెండుకి సాగగొట్టినాడు.

రెండ్రోజులు అన్నది తొమ్మిది రోజులైంది, అది మామూలే. అసలు కోపం ఏమంటే మొదటి వారంలోనే పనసకాయ కోస్తే పదును ఒక పక్కకి మడుచుకుపోయింది. తీసుకుపోయి చూపిస్తే ఆకురాయి పెట్టి గీకినాడు, బరబరా కొరికింది, "మెత్తగా ఉండిపోయిందబ్బా" అని తనే ఒప్పుకున్నాడు, పైసా అడగలా. ఈసారి నేను అక్కడే కూర్చున్నా. ఎర్రగా కాలుతుంటే మధ్యమధ్యలో అయస్కాంతం ఆనించి చూస్తాడు, అది అంటుకోవడం మానేసినాక ఇంకొంచెం కాల్చి నూనెలో ముంచినాడు, ఇప్పుడు ఆకురాయి గాజు మీద జారినట్టు జారింది. అట్లనే వదిలేస్తే కిందపడితే విరుగుతుందంట, అందుకని రుద్ది తెల్లగా చేసి, ఎండుగడ్డి రంగు వచ్చేదాకా మళ్ళీ సన్నగా కాచినాడు.

అంతే, అప్పట్నించి వేరే కత్తి. ఆవకాయకి బెంగళూరా కాయలు టెంకతో సహా కొట్టినా పదును పోలా. డీ2లో కార్బన్ ఒకటిన్నర శాతం, క్రోమియం 12 శాతం దాకా ఉంటాయి, పదును చాన్నాళ్ళు నిలుస్తుంది, నిజమే, కానీ టెంకాయ చిప్ప మీద పడితే పదును అంచులో సన్నసన్న ముక్కలు ఊడిపోతాయి, మన మామూలు సానరాయి మీద నూరాలంటే ఒక సాయంత్రం పోతుంది. కమాన్ కట్టలో కార్బన్ 0.6 శాతం దగ్గర, దెబ్బకి తట్టుకుంటుంది, ఐదు నిమిషాలు రుద్దితే మళ్ళీ పదును.

తుప్పు మాత్రం ఖాయం. మామిడికాయ కోసి కడగకుండా పడుకున్నా, పొద్దున్నకి నల్లమచ్చలు, వాటి మధ్య ఎర్ర చుక్కలు. వాడినాక తుడిచి కొబ్బరినూనె రాయాల్సిందే, ఓపిక లేనోళ్ళు స్టెయిన్‌లెస్ తీసుకోండి. ఇంకోటి, పాత కట్టల్లో కంటికి కనపడని చీలికలు ఉండొచ్చు, వీలైతే వాడని ముక్క అడగండి.

నాకైంది 650, మళ్ళీ చేయిస్తా. ఒర మాత్రం ఆయన దగ్గర తీసుకోవద్దు, రెక్జిన్‌తో కుట్టిచ్చినాడు, మూడోరోజే మొన బయటికొచ్చి బండి సీటు చీరేసింది. ఆ 2,800ది ఏమైందంటారా, మా నాయన పొయ్యిలోకి పుల్లలు చీల్చేదానికి వాడతాండాడు, దానికి మాత్రం బ్రహ్మాండంగా ఉందంట.