పందొమ్మిది మెట్లు, ఎనిమిది నెలలు: మోకాలికి కొలాజెన్ క్యాప్సూల్ వాడి చూశాక

నాకు 47 ఏళ్లు. దేవుని కడపలో ఉంటాం, బడిలో టీచర్ని. కీళ్లవాతం లేదు, వాపు లేదు, ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. అయినా మిద్దె మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలి చిప్ప కింద సన్నగా సలుపు. ఎక్కేటప్పుడు ఉండదు, దిగేటప్పుడే.

మెడికల్ షాపాయన టైప్ 2 కొలాజెన్ క్యాప్సూల్ ఇచ్చాడు. కొలాజెన్ అంటే మన కీళ్లలో ఉండే ఒక ప్రొటీన్. రోజుకు 40 మిల్లీగ్రాములే. పాలలో కలుపుకునే కొలాజెన్ పొడి చెంచాలకు చెంచాలు వేసుకుంటారే, ఇదేంది ఇంత చిటికెడు అనుకున్నా. రెండూ వేరు. పొడిలోది విడగొట్టిన ప్రొటీన్. ఇది వేడికి చెడకుండా ఉన్నదున్నట్టు ఉంచింది. పేగుల్లోని రోగనిరోధక కణాలకు దీన్ని కొద్దికొద్దిగా అలవాటు చేస్తే, అవి మన కీళ్లలోని కొలాజెన్ జోలికి పోవడం తగ్గుతుందంటారు. కోడి రొమ్ము దగ్గరి మెత్తటి ఎముకతో చేస్తారు. శనివారం నీసు ముట్టని మా అత్తమ్మ పెట్టె మీద మాంసాహారమని చెప్పే గోధుమరంగు త్రికోణం మీద వేలు పెట్టి, "ఇదేందమ్మా, దేవుడి గూటి పక్కన పెట్టినావ్?" అనింది. కొనేముందు ఆ గుర్తు చూసుకోండి.

వంటింటి క్యాలెండర్లో రోజూ రాత్రి సున్నా నుంచి పది దాకా నొప్పికి ఒక అంకె వేసేదాన్ని. మా మిద్దెకు 19 మెట్లు. మొదట్లో ఏడో మెట్టుకే సలుపు మొదలయ్యేది. అంకె ఐదు. రెండు నెలలు ఐదు, ఐదు, ఆరు, నాలుగు, మళ్లీ ఐదు. మూడో నెలాఖరుకు మూడుకు దిగింది. ఎంత సంతోషపడినానో! కానీ ఆ నెల మొదట్లోనే ఫిజియోథెరపిస్టు చెప్పిన తొడ వ్యాయామం కూడా పట్టుకున్నా. ఇంక తగ్గింది దేనివల్లనో ఎట్లా చెప్పేది?

ఐదు నెలలు నిండినాక క్యాప్సూల్ ఆపి వ్యాయామం మాత్రం ఉంచినా. ఆరు వారాలు అంకె రెండూ మూడూ దాటలేదు. తర్వాత క్యాప్సూల్ మళ్లీ మొదలుపెట్టి వ్యాయామం ఆపినా. మూడో వారానికే నాలుగు. తొమ్మిదో మెట్టు దగ్గర గోడ పట్టుకున్నా.

ఈ రకం కొలాజెన్ మీద 2013లో ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. కీళ్లవాతం లేకుండా, శ్రమపడినప్పుడే మోకాలు నొచ్చే 55 మంది, 120 రోజులు. క్యాప్సూల్ వేసుకున్నవాళ్లకు మోకాలు చాచడం మెరుగైంది. అయితే 55 మంది అంటే మా బడిలో ఒక సెక్షన్ పిల్లలంత, అందులోనూ రెండు జట్లు. డబ్బు పెట్టింది ఆ సరుకు తయారుచేసే కంపెనీయే. నేను దాన్ని అబద్ధమనను. నా మోకాలి మీద మాత్రం అది కనపడలేదు.

కడుపుకు ఏ ఇబ్బందీ చేయలేదు. నెలకు తొమ్మిది వందలు అయ్యేది. మళ్లీ కొనలేదు. కుర్చీలో కూర్చుని కాలు చాచి, పది లెక్కపెట్టి దించడం, కాలికి పదిహేను సార్లు, ఇదే నేను చేసే వ్యాయామం. వాపో, మోకాలు పట్టేయడమో ఉన్నవాళ్లు నన్ను చూసి ఆగొద్దు, ముందు డాక్టరుకు చూపించండి.