ఒక కన్ను బాకీ ఉన్న బొమ్మ: తకసాకి దరుమకి నా రేటింగ్ మూడున్నర

టోక్యోలో మా మేనేజర్ టేబుల్ మీద ఒక ఎర్ర బొమ్మ ఉంటుంది. గుండ్రంగా, కాళ్లూ చేతులూ లేకుండా, గుబురు కనుబొమ్మలతో కోపంగా చూస్తుంటుంది. చూస్తుంటుంది అనడం కూడా తప్పే, ఎందుకంటే ఒక కంట్లోనే నల్ల గుడ్డు ఉంది, రెండోది ఉత్త తెలుపు. చేరిన కొత్తలో పెయింట్ ఊడిపోయిందనుకున్నా. మెల్లిగా తెలిసిందేమిటంటే దాని పేరు దరుమ, ఏదైనా కోరుకున్నప్పుడు ఒక కన్ను గీస్తారు, అది తీరితేనే రెండోది. ఇక్కడ ఎన్నికల్లో గెలిచిన నాయకులు కూడా కెమెరాల ముందు బ్రష్ పట్టుకుని పెద్ద దరుమకి రెండో కన్ను పెడతారు. ఇంత పెద్దవాళ్లే లంచం ఇవ్వగా లేనిది నేనెంత అని, నిరుడు జనవరిలో నేనూ ఒకటి కొన్నా.

టోక్యోలో మేముండే నిషి-కసాయ్ చుట్టుపక్కలే ఎక్కడో దొరికేది కానీ, కొనేదేదో దరుమ పుట్టింట్లోనే కొందామని తకసాకి అనే ఊరు వెళ్లా. షింకన్‌సెన్‌లో (బుల్లెట్ రైలు) గంట కూడా పట్టదు, నేను డబ్బులు మిగుల్చుకుందామని ఉయెనో నుంచి మామూలు రైలెక్కి దాదాపు రెండు గంటలు కూర్చున్నా. అక్కడ షోరిన్‌జాన్ దరుమ-జి అనే గుడి ఉంది, జనవరి 6, 7 తేదీల్లో తిరునాళ్ల జరుగుతుంది. మెట్లెక్కుతుంటే ఒకటే ఎరుపు. నిమ్మకాయంత నుంచి నీళ్ల డ్రమ్మంత దాకా అన్ని సైజులూ ఉన్నాయి, అన్నీ గుడ్డివే. నేను జానెడు ఎత్తుది తీసుకున్నా, 1,500 యెన్లు.

చేతిలోకి తీసుకుంటే మొదట ఆశ్చర్యపోయేది బరువుకి, అంటే బరువు లేకపోవడానికి. కాగితంతో చేసిన డొల్ల, అడుగున మాత్రం బరువు పెట్టారు, అందుకే ఎటు తోసినా మన తంజావూరు బొమ్మలా ఊగి లేచి కూర్చుంటుంది. ఏడుసార్లు పడితే ఎనిమిదిసార్లు లే అని వీళ్లకో సామెత, దానికి ఈ బొమ్మే గుర్తు. (పడిందే ఏడుసార్లయితే ఎనిమిదోసారి లేవడం ఎలాగని అడక్కండి, నేను అడిగి నవ్వులపాలయ్యా.) మొహం మాత్రం తీరిగ్గా చూడాల్సిందే. కనుబొమ్మలు కొంగలు, గడ్డం మీసాలు తాబేలు, రెండూ వీళ్లకి దీర్ఘాయుష్షుకి గుర్తులు. నా బొమ్మకి ఎడమ కనుబొమ్మ చివర బ్రష్ కాస్త జారింది, దాంతో అదొక్కటే ఎగరేసి "ఏంటి సంగతి" అన్నట్టు చూస్తుంది. మిషన్ ముద్రలో ఇది రాదు.

అసలు ఈ దరుమ ఎవరో కాదు, మన బోధిధర్ముడే, బౌద్ధ సన్యాసి. దక్షిణాది నుంచి చైనా వెళ్లి, గోడ వైపు తిరిగి తొమ్మిదేళ్లు ధ్యానంలో కూర్చుంటే కాళ్లూ చేతులూ చచ్చుబడిపోయాయని కథ, అందుకే బొమ్మకి అవి లేవు. ఎరుపు సన్యాసి వస్త్రం రంగు అంటారు. పాతకాలంలో మశూచికి ఎరుపంటే భయమని కూడా నమ్మేవారు, మనవాళ్లు అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టినట్టు వీళ్లు పిల్లల దగ్గర ఎర్ర బొమ్మలు పెట్టేవారు. ఇక తకసాకికి ఈ పని ఎలా వచ్చిందంటే, 1783లో దగ్గర్లోని అసమా అగ్నిపర్వతం పేలి, పంటలు పోయి కరువొస్తే, రైతులు బతకడానికి ఈ గుడి పూజారి బొమ్మలు చేయడం నేర్పాడని చెబుతారు. కరువులో పుట్టిన బొమ్మ అదృష్టానికి బ్రాండ్ అయి కూర్చుంది.

వాడకం సులువు. బొమ్మ ఎడమ కన్ను, అంటే మనకి కుడివైపు కనబడేది, ముందు నింపాలి. నేను జపనీస్ భాషా పరీక్షలో పై నుంచి రెండో లెవెల్ ఎన్‌2 పాసవ్వాలని కోరుకుని మార్కర్‌తో చుక్క పెట్టి, ఫ్రిజ్ మీద ఎక్కించా. అక్కడి నుంచి మొదలైంది టెన్షన్. రాత్రి పెరుగు తీసుకోవడానికి వెళ్తే ఖాళీ కన్ను. చదవకుండా ఫోన్ చూసుకుంటూ వెళ్తే ఇంకా ఖాళీగా కనబడే కన్ను.

ఏప్రిల్‌లో తెనాలి నుంచి అమ్మ వచ్చింది. చూసిన వెంటనే, "ఒంటికన్ను దిష్టిబొమ్మని ఇంట్లో పెట్టుకున్నావేంట్రా, గుమ్మం బయట కట్టు" అంది. నిజమే, మనకి ఇలాంటి మొహం కనబడేది కడుతున్న ఇళ్ల మీద, నాలుక బయటపెట్టి వీధిలోకి చూస్తూ. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని మన భయం, అందుకే మన బొమ్మ పక్కింటోళ్లని చూస్తుంది. ఇది మాత్రం కొన్నవాడినే చూస్తుంది. నాకు ఇదే ఎక్కువ ఇబ్బంది, పక్కింటోళ్ల మీదకి నెట్టడానికి వీల్లేదు. అమ్మ వెళ్లేముందు దాని బుగ్గ మీద కాటుక చుక్క పెట్టింది, బొద్దుగా ఉన్నాడు వీడికే దిష్టి తగులుతుందని.

జూలైలో పరీక్ష పోయింది. 180కి 90 రావాలి, నాకు 86. బొమ్మకి గ్యారంటీ కార్డు ఉండదు.

ఫిర్యాదులు రెండు. ఒకటి, ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఫొటో పెద్దది చేసి చూడండి. ఫ్రెండ్‌కి గిఫ్ట్ పంపుదామని ఒక షాపులో ఆర్డరిస్తే రెండు కళ్లూ ముందే అచ్చేసిన బొమ్మ పంపారు, ఇక వాడు కోరుకునేదేముంది, తీర్చేసే పంపారు. రెండు, టైమింగ్. ఏడాది తిరిగాక తీరినా తీరకపోయినా గుడికి తిరిగిచ్చేయాలి, వాళ్లు పూజ చేసి కాల్చేస్తారు, మనం కొత్తది కొనుక్కోవాలి, వ్యాపారం తెలిసినవాళ్లే. డిసెంబర్‌లో మళ్లీ పరీక్ష రాశా, దాని రిజల్ట్ జనవరి చివర్లో, తిరునాళ్లేమో జనవరి మొదటి వారంలో. నేను పద్ధతి తప్పకూడదని మొదటి వారంలోనే పట్టుకెళ్లి ఇచ్చేశా. గుడి పక్కన పాతవి గుట్టగా పోసి ఉన్నాయి, వానకి వెలిసి గులాబీ రంగుకి దిగినవి కొన్ని, రెండు కళ్లతో దర్జాగా ఉన్నవి కొన్ని, ఒంటికన్నువి బోలెడు. వాటి మధ్య కాటుక చుక్కది నాదొక్కటే.

రెండు వారాలు దాటాక రిజల్ట్ వచ్చింది, 97, పాస్. ఆఫీసులో చెబితే మేనేజర్ తాపీగా, "తీరేదాకా ఉంచుకున్నా ఎవరూ ఏమీ అనరు కదా" అన్నాడు. ఒక స్టార్ అక్కడ పోయింది, ఇంకో సగం ఆ అచ్చు కళ్లకి. చిన్న సైజు కొనకండి, కన్ను గీయడానికి చోటుండదు. జానెడుదయితే చాలు.

కొత్తగా తెచ్చింది ఇప్పుడు ఫ్రిజ్ మీద రెండు కళ్లూ లేకుండా కూర్చుంది. పాతదానికి బాకీపడ్డ కన్ను సంగతి ఏం చేయాలో తెలియక అమ్మకి ఫోన్ చేస్తే, "దీనికి పెట్టేయ్ రా, వాళ్లూ వాళ్లూ అన్నదమ్ములేగా, చూసుకుంటారు" అంది.