ప్రాట్: నా స్పీచ్ సైన్స్ క్లాసులో సగం పని దీనిదే

ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేసిన ప్రాట్, మాటల ధ్వనిని రికార్డు చేసి విశ్లేషించే సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఉచితం. తెరవగానే రెండు విండోలు వస్తాయి. రెండోది చూసి విద్యార్థులు కంగారుపడతారు, మూసేయమంటాను, అంతే.

“చెప్పు” అని రికార్డు చేయించి స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణంలో ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ) చూపిస్తాను. “ప్ప” దగ్గర తెల్లగా ఖాళీ, పెదాలు విడివడగానే సన్నటి నిలువు గీత. బోర్డు మీద గంటసేపు చెప్పినా ఎక్కనిది అక్కడ ఇట్టే ఎక్కుతుంది.

ఒకసారి చిన్నపిల్ల గొంతులో ఫార్మెంట్లని (నోటి ఆకారాన్ని బట్టి బలపడే పౌనఃపున్యాలని) 5500 హెర్ట్జ్ పై హద్దుతోనే కొలిచాను. ఫార్మెంట్లు అడ్డదిడ్డంగా వస్తుంటే అరగంట మైకుని తిట్టుకున్నాను (పాపం, దాని తప్పేం లేదు). ఆ హద్దు వయసొచ్చిన ఆడవాళ్ల గొంతుకి సరిపోయేది. పసిపిల్లలకైతే 8000 దాకా పెంచాలి. ఇప్పుడు ప్రాక్టికల్స్‌లో నా మొదటి ప్రశ్న “హద్దు ఎంత పెట్టారు?” అనే.