కాళేశ్వరంలో చెన్నై, ఇంద్రవెల్లిలో నాగ్‌పూర్, మంచిర్యాలలో గుర్రుమోత

నాలా దూరపు రేడియో స్టేషన్లు వినే పిచ్చి ఉంటే, మంచిర్యాలలో గది తీసుకునేటప్పుడు డబ్బు కట్టకముందే రేడియో చేత్తో పట్టుకుని ఒకసారి గదిలోకి వెళ్లి రండి. నేను ఆ పని చెయ్యలేదు. 1,400 రూపాయలు పోయాయి, మంచి చలికాలపు రాత్రి ఒకటి పోయింది. డబ్బు సంగతి మర్చిపోవచ్చు, ఆ రాత్రి సంగతే మర్చిపోలేకపోతున్నాను. అంతకు ముందు రాత్రి కాళేశ్వరంలో ఏం విన్నామో చెబితే గానీ నా బాధ ఎవరికీ అర్థం కాదు.

2019 జనవరి, సంక్రాంతి సెలవులు. హన్మకొండ నుంచి నేను, మా బామ్మర్ది, డిగ్రీ చదువుతున్న వాళ్ల అబ్బాయి కారులో బయల్దేరాం. నాకూ బామ్మర్దికీ చాలా ఏళ్లుగా ఒక ఆట ఉంది. ఊరు చేరకముందే ఆ ఊళ్లో ఏయే దూరపు రేడియో స్టేషన్లు తగులుతాయో ఎవరికి వారు చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంటాం. ఊళ్లో దిగాక రేడియో సెట్టు తిప్పి చూస్తాం. తప్పిన ఒక్కో స్టేషన్‌కు ఒక చాయ్. నోటికొచ్చింది రాస్తే గెలవలేరు. ట్రాన్స్‌మిటర్ ఎన్ని కిలోవాట్లు, ఎంత దూరం, పగలా రాత్రా, చుట్టూ కరెంటు తీగలు ఎన్ని ఉన్నాయి, అన్నీ చూసుకోవాలి.

అల్లుడికి రేడియో అంటే ఎఫ్.ఎం. ఒక్కటే. బయల్దేరిన పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద ఆపి వాడికి మీడియం వేవ్ చూపించాను. 738 కిలోహెర్ట్జ్‌లో హైదరాబాద్ ఆకాశవాణి దిట్టంగా ఉంది, దాని ట్రాన్స్‌మిటర్ 200 కిలోవాట్లది. 837లో విజయవాడ సన్నగా ఉన్నా మాట తెలిసింది. "మామా, మన వరంగల్ 103.5 ఇంకా క్లియర్‌గా వస్తది కదా, దీనితో ఏం పని?" అన్నాడు. రాత్రి దాకా ఆగమన్నాను.

పరకాల, భూపాలపల్లి, మహదేవ్‌పూర్ దారి సాఫీగా సాగింది. కాళేశ్వరంలో సత్రం గది 500. గోడలకు సున్నం, రెండు మంచాలు, ఒక బల్బు, ఒక ఫ్యాను, అంతే. వేడినీళ్ల బకెట్ 20. బయట హోటల్లో భోజనం 80, పప్పు, పచ్చిపులుసు, అడిగినంత అన్నం. ఒకే పానవట్టం మీద యముడి లింగం, ముక్తేశ్వరుడి లింగం కలిసి ఉండే గుడి ఇది. దర్శనం చేసుకుని ఐదున్నరకు గోదావరి, ప్రాణహిత కలిసే చోట ఇసుకలో దుప్పటి పరిచి కూర్చున్నాం. అవతలి గట్టు సిరొంచ, మహారాష్ట్ర.

ఆ ఇసుకలో కరెంటు స్తంభం లేదు. రేడియో వినేవాడికి అంతకంటే మంచి చోటు దొరకదు. వెలుతురు ఉండగా హైదరాబాద్ 738, జగదల్‌పూర్ 756 రెండూ వచ్చాయి. ఇక్కడి నుంచి రెండూ కాస్త అటూ ఇటుగా 220 కిలోమీటర్లే, ఒకటి నైరుతి వైపు, ఒకటి తూర్పు వైపు. సెట్టు లోపల తరంగాలను పట్టే ఫెరైట్ కడ్డీ ఉంటుంది. దాని కొన ఎటు చూపిస్తే అటు నుంచి వచ్చే స్టేషన్ పడిపోతుంది. సెట్టును అరచేతిలో పెట్టుకుని నెమ్మదిగా తిప్పితే హైదరాబాద్ మెల్లగా సన్నబడి ఆగిపోయింది. ఇంకాస్త తిప్పితే మళ్లీ లేచింది. అల్లుడు సెట్టు లాక్కుని తనే పదిసార్లు తిప్పాడు. విజయవాడ పగలు వస్తుందని రాసిన బామ్మర్దికి ఒక చాయ్ పడింది. దాదాపు 260 కిలోమీటర్ల దూరం, దానికి ఉన్నది 100 కిలోవాట్లే.

ఆరు దాటాక అసలు పండగ మొదలైంది. పగలు ఎండకు పై వాతావరణంలో కింది పొర ఒకటి మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది. పొద్దుగూకగానే ఆ పొర పలచబడి, తరంగాలు ఇంకా పైకి వెళ్లి అక్కడి నుంచి తిరిగి నేల మీదికి వస్తాయి. ఆ మార్పు చెవితోనే తెలిసింది. ఖాళీగా ఉన్న అంకెల మీద ఒక్కొక్కటిగా గొంతులు లేచాయి. 612లో బెంగళూరు, 720లో చెన్నై, 657లో కోల్‌కతా. 882లో శ్రీలంక పుత్తళం నుంచి తెలుగులో ప్రార్థన. "లంక నుంచి తెలుగా!" అని అల్లుడు నిలబడిపోయాడు. 1071లో వెయ్యి కిలోమీటర్ల అవతలి రాజ్‌కోట్ నుంచి ఉర్దూ, పక్కన కూర్చుని మాట్లాడినట్టు.

అన్నిటికంటే నాకు నచ్చింది వేరే. రాత్రి తొమ్మిదికి హైదరాబాద్ కంటే చెన్నై బాగా వినిపించింది. రెండు వందల కిలోమీటర్ల దూరంలో నేల వెంట వచ్చే తరంగం, ఆకాశం నుంచి తిరిగి వచ్చే తరంగం రెండూ తగిలి ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. అందుకే హైదరాబాద్ వార్తలు ఉబ్బుతూ, చితుకుతూ, మధ్యలో మాయమవుతూ వచ్చాయి. చెన్నైది ఆకాశం దారి ఒక్కటే కాబట్టి నిలకడగా నిలబడింది. నా చీటీలో ఈ ముక్క ముందే రాసిపెట్టుకున్నాను. చలికి వణుకుతూ ఏడింటి నుంచి "పోదాం బావా" అంటున్న బామ్మర్ది, పదకొండైనా లేవలేదు.

మర్నాడు మంథని, గోదావరిఖని మీదుగా మంచిర్యాల. రామగుండం దగ్గర హైటెన్షన్ లైన్ల కింద మీడియం వేవ్ మొత్తం జుమ్మని మూగబోయింది. అది ముందే ఊహించిందే. లాడ్జి సంగతి ఊహించలేదు.

ఫోనులో వెయ్యి అన్నారు. మేడ మీద ప్రశాంతమైన గది కావాలని రెండుసార్లు చెప్పాను, సరే అన్నారు. కౌంటర్ దగ్గర 1,400 అయింది, పండగ రేటట. అలసిపోయి ఉన్నాం, కట్టాను. గదిలో సెట్టు పెడితే మీడియం వేవ్ ఈ కొస నుంచి ఆ కొసకు, 531 నుంచి 1602 దాకా ఒకటే గుర్రుమోత. టీవీ ప్లగ్గు తీశాం, ఫ్యాను ఆపాం, లైట్లన్నీ ఆర్పి చీకట్లో కూర్చున్నాం. మోత తగ్గలేదు. కాళేశ్వరంలో చేసినట్టే సెట్టు తిప్పాను. కొన తలుపు వైపు తిరగగానే మోత సగానికి పడింది. తలుపు తీసి చూస్తే, పండగకని వరండా పొడవునా కట్టిన ఎల్.ఈ.డీ. సీరియల్ దీపాలు, వాటి అడాప్టర్ సరిగ్గా మా గడప పక్కన. ముట్టుకుంటే వేడిగా ఉంది.

ఒక్క గంట ఆ అడాప్టర్ తీసేయమని కిందికి వెళ్లి బతిమాలుకున్నాను. వరండాలో ట్యూబులైటు ఎలాగూ ఉంది. మేనేజరు తల కూడా ఎత్తలేదు. "రేడియో వినడానికి లాడ్జికి వచ్చిన్రా?" అన్నాడు. తర్వాత సెట్టు చూసి, ఇది వాకీటాకీలా ఉంది, కౌంటర్‌లో పెట్టి పొమ్మన్నాడు. మాట్లాడే యంత్రం కాదు, వినే యంత్రమని, రేడియోకు లైసెన్సులు ఎత్తేసి దశాబ్దాలైందని చెప్పినా వినలేదు. పక్కన అల్లుడు ఉండగా నన్ను దొంగను చూసినట్టు చూశాడు. సెట్టు ఇవ్వలేదు నేను. పొద్దున బిల్లు అడిగితే పుస్తకం అయిపోయిందన్నాడు. ఎక్కడైనా సరే, సీరియల్ దీపాలు వేలాడుతున్న లాడ్జి ఎంత చవకైనా వద్దు. పాత ట్యూబులైట్ల సత్రమే మేలు.

జన్నారం అడవి దాటేదాకా కారులో ఎవరం మాట్లాడలేదు. ఉట్నూరు దాటి ఇంద్రవెల్లి దగ్గర రోడ్డు పక్క పూరింటి హోటల్లో ఆగాం. జొన్నరొట్టె, పప్పు, ఎర్రకారం, ముగ్గురికి కలిపి 120. రొట్టె పెనం మీద నుంచి నేరుగా చేతిలోకి వచ్చింది. ఎఫ్.ఎం.లో ఆదిలాబాద్ 100.2 గోండీ పాటలు పాడుతోంది.

నేను నా సెట్టు తీసి నాగ్‌పూర్ 585 వెతికాను. 300 కిలోవాట్లది, దూరం 190 కిలోమీటర్లు, పైగా నేల వెంట ఎక్కువ దూరం సాగే కింది ఫ్రీక్వెన్సీ, మిట్టమధ్యాహ్నమైనా రావాలని రాశాను. వచ్చింది గానీ పీలగా. హోటల్ పెద్దాయన చూసి, "అట్ల కాదు, ఇటు తే" అని సెట్టును పెరట్లోకి తీసుకెళ్లాడు. బట్టలారేసే జీఐ తీగ (జింకు పూత ఇనప తీగ) దండెం ఒకటుంది, ముప్ఫై అడుగులుంటుంది, ఒక కొన బోరింగు పైపుకు చుట్టి ఉంది. సెట్టును ఆ తీగకు ఆనించి తువ్వాలతో కట్టాడు. మరాఠీ వార్తలు ఒక్కసారిగా పెరడంతా నిండాయి. నేను పుస్తకాల్లో చదివిన పొడవాటి ఏరియల్, నేలకు ఎర్తు, రెండూ ఆ దండెంలోనే ఉన్నాయి. "పొద్దంత నాగ్‌పూరే, పొద్దుగూకినంక హైదరాబాదు" అన్నాడు. ఆయన చెప్పాక మేం చీటీ రాయలేదు. అక్కడ తాగిన చాయ్‌లకు ఆయన డబ్బు తీసుకోలేదు.

ఆదిలాబాద్‌లో ఒక రాత్రి, నిర్మల్, కరీంనగర్ మీదుగా ఇల్లు. డీజిల్ మొత్తం 2,150. బామ్మర్ది ఏడు చాయ్‌లు, నేను నాలుగు బాకీ. అల్లుడు దారిలోనే సంతలో ఇరవై గజాల జీఐ తీగ కొన్నాడు. శ్రీరామనవమికి భద్రాచలం పోదామంటున్నాడు. చీటీ ఇప్పుడే రాసి సెట్టు కవర్లో పెట్టాడు, పైన ఒక్క అంకె మాత్రం కనబడుతోంది: 927, విశాఖపట్నం.