జాగ్రత్త: "ఒక్కటే పీస్ ఉంది అక్కా" అనే ఎడీనియం ఆయన

రోజూ పొద్దున్నే ఎడీనియం (ఎడారి గులాబీ మొక్క) వీడియోలు పెడతాడే, ఆయనే. పేరు రాయనక్కర్లేదు, మిద్దెతోట గ్రూపుల్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. గింజ నుంచి పెంచిన అరబికం రకం ఎడీనియం అని చెప్పి 2,200 తీసుకున్నాడు. ఫొటోలో కాడెక్స్, అంటే లావుగా ఉబ్బిన మొదలు, కుండీ అంచుల దాకా పరుచుకుని ఉంది, దాని మీద ఒక పక్క చిన్న గీత కూడా కనిపిస్తోంది. డబ్బు వెంటనే పంపేశాను. అంత తెలివి నాది.

పార్సిల్ అట్టపెట్టె అడుగు తడిసి మెత్తబడి వచ్చింది. విప్పితే తడి కొబ్బరిపీచు, దాని మీద బిగించి కట్టిన ప్లాస్టిక్ కవరు. అరబికం సౌదీ, యెమెన్ కొండరాళ్ల మధ్య పెరిగే మొక్క. నెలల తరబడి వాన పడకపోయినా ఆ ఉబ్బిన కాడెక్స్‌లో దాచుకున్న నీటితోనే బతుకుతుంది. మట్టి దులిపి, వేర్లు ఆరనిచ్చి, పొడి పేపర్లో చుట్టి పంపితే దారిలో కొన్నాళ్లు మట్టి లేకపోయినా ఏమీ కాదు. ఎండకు చావదు, నీళ్లు మర్చిపోయినా చావదు. దెబ్బతిన్న వేరుని తడిలో, గాలాడకుండా ఉంచితే మాత్రం కుళ్లిపోతుంది. పెద్ద ఎక్స్‌పర్ట్ కదా, సరిగ్గా అదే చేశాడు.

కాడెక్స్‌కి ఒక పక్క ఫంగిసైడ్ (బూజు పట్టకుండా వేసే మందు) పొడి దట్టంగా పూసి ఉంది. కోసిన చోట పూయడం మామూలే కదా అనుకున్నాను. బొటనవేలితో నొక్కితే గోరు లోపలికి దిగిపోయింది. పొడి తుడిస్తే కింద గోధుమరంగు గుజ్జు, కంపు. బాగున్న కాడెక్స్ పచ్చి బంగాళాదుంపలా గట్టిగా ఉంటుంది, కోస్తే లోపల తెల్లగా ఉంటుంది. పొడి కింద కుళ్లు ఉందంటే, పంపేటప్పుడే ఆయనకు తెలుసు. పైగా ఫొటోలో ఉన్న గీత దీని మీద ఎక్కడా లేదు!

ఫోన్ చేశాను. డబ్బు పడేదాకా "అక్కా, అక్కా" అన్నవాడు "చెప్పండి మేడమ్" అన్నాడు. వీడియో పంపానంటే, "మొక్కకి ప్రాణం ఉంటుంది మేడమ్, గ్యారంటీ ఇవ్వడానికి ఇదేమన్నా మిక్సీనా?" అని నవ్వాడు. నవ్వాడండీ! అంతటితో ఊరుకోలేదు. నా వీడియో గ్రూపులో పెట్టి, "నీళ్లు ఎక్కువ పోస్తే ఇలాగే అవుతుంది ఫ్రెండ్స్, కొత్తవాళ్లు నేర్చుకోండి" అని పాఠం చెప్పాడు. కుండీలో పెట్టనే లేదు, ఇంక నీళ్లెక్కడ పోశాను బాబూ? అదే అడిగితే గ్రూపులోంచి తీసేశాడు.

ఆ సాయంత్రమే మా పిన్ని స్క్రీన్‌షాట్ పంపింది. అదే ఫొటో, అదే కుండీ, అదే గీత. "అరబికం, ఒక్కటే పీస్, 2,400." రేటు కూడా పెంచాడు మహానుభావుడు.

మెత్తబడిందంతా కోసేసి, తెల్లటి భాగం తేలేదాకా చెక్కి నీడలో ఆరబెట్టాను. బతుకుతుందో లేదో. మీరు కోయాల్సి వస్తే గ్లవ్స్ వేసుకోండి, ఆఫ్రికాలో ఎడీనియం మొక్కల రసాన్నే బాణాలకు విషంగా పూసేవారు.

ఇంకా ఆయన దగ్గర కొంటామంటే మీ ఇష్టం. డబ్బు వేసే ముందు మాత్రం ఆ రోజు పేపరు పక్కన పెట్టి, కాడెక్స్‌ని నాలుగు వైపులా నొక్కి చూపిస్తూ వీడియో తీసి పంపమనండి. దగ్గర్లో ఉన్నవాళ్లు కడియం నర్సరీలకు వెళ్లి చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోండి.