పోర్టబుల్ వాతావరణ రాడార్‌తో మూడు వానాకాలాలు

సైనిక శిబిరాలకు వాతావరణ సమాచారం అందించే బృందంలో ఉంటూ మూడు వానాకాలాలుగా నేను ఎక్స్-బ్యాండ్ పోర్టబుల్ రాడార్‌ను వాడుతున్నాను. దీని తరంగదైర్ఘ్యం సుమారు 3 సెంటీమీటర్లే కాబట్టి మీటరు వెడల్పున్న యాంటెన్నాతో పని జరిగిపోతుంది. 10 సెంటీమీటర్ల తరంగాలు వాడే స్థిర రాడార్‌లో తరంగాల పుంజం (బీమ్) ఇంతే సన్నగా ఉండాలంటే యాంటెన్నా మూడింతలకు పైగా పెరగాలి, అప్పుడిక దాన్ని పెట్టెల్లో సర్దుకుని వాహనంలో తీసుకుపోవడం కుదిరే పని కాదు.

అయితే ఈ సౌలభ్యం ఊరికే రాలేదు. జడివాన ఈ చిన్న తరంగాలను దారిలోనే బలహీనపరుస్తుంది. మొదటి ఏడాది ఒక సాయంత్రం పడమటి వానకు వెనుక తెర ఖాళీగా ఉండటం చూసి, అటువైపు ఆకాశం తేటగా ఉందని హెలికాప్టర్ పైలట్‌కు చెప్పాను. ముందున్న వాన పక్కకు జరిగాక, అదే ఖాళీలో అంతకంటే పెద్ద ఉరుముల మేఘం బయటపడింది. హెలికాప్టర్ అప్పటికింకా నేల మీదే ఉంది గనుక సరిపోయింది. ఆనాటి నుంచి జడివాన వెనుక ఉన్న ఖాళీని నేను "వాన లేదు" అని కాక "కనిపించడం లేదు" అనే నివేదిస్తున్నాను. అడ్డంగా, నిలువుగా కంపించే రెండు రకాల తరంగాల్లో ఒకటి రెండోదానికంటే వానలో ఎంత వెనుకబడిందన్న దాన్ని (దశాభేదాన్ని) బట్టి యంత్రం ఈ నష్టాన్ని చాలావరకు సరిదిద్దుతుంది గానీ, సంకేతం పూర్తిగా అణగిపోయిన చోట సరిదిద్దడానికి ఏమీ మిగలదు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మాత్రం నేల. కాళ్ల మధ్య మీటరు దూరం ఉన్న స్టాండు కింద మట్టి నాని ఒక కాలు 2 సెంటీమీటర్లు దిగబడితే చాలు, యాంటెన్నా ఒక డిగ్రీకి పైగా వాలిపోతుంది. ఒక్క డిగ్రీ తేడాకే 50 కిలోమీటర్ల దూరంలో పుంజం ఎత్తు దాదాపు 870 మీటర్లు మారుతుంది. తెర మీద బొమ్మ ఎప్పటిలాగే చక్కగా కనిపిస్తుంది కాబట్టి తప్పు జరిగిందన్న అనుమానమే రాదు. అందుకే కాళ్ల కింద మందపాటి చెక్కలు వేసి, వాన వెలిసిన ప్రతిసారీ రసమట్టం పెట్టి చూసుకుంటాను.

గాలివేగం విషయంలోనూ జాగ్రత్త అవసరం. 100 కిలోమీటర్ల దాకా చూడాలని సెకనుకు 1500 తరంగ స్పందనలు (పల్స్‌లు) పంపితే, సెకనుకు 12 మీటర్లు దాటిన గాలి ఎదురు దిశలో వీస్తున్నట్లు కనిపించవచ్చు. ఈదురుగాలి వచ్చేటట్టుంటే నేను దూరాన్ని తగ్గించుకుని స్పందనల సంఖ్య పెంచుతాను. పైగా రాడార్ ప్రసారం చేసినంతసేపూ తన ఉనికిని అవతలివారికి తెలియజేస్తూనే ఉంటుంది కనుక, అవసరమైన నిమిషాలకే నడిపి ఆపడం మా పద్ధతి.

ఇన్ని ఇబ్బందులున్నా, అరగంటలో ముంచుకొచ్చే వానను ముందే చూపగలిగే ఈ రాడార్‌ను నేను వదులుకోను. తయారీదారుల నుంచి నేను కోరేవి రెండే: వాలు డిగ్రీలో పదో వంతు మారినా మోగే హెచ్చరిక ఒకటి, సంకేతం అణగిపోయిన ప్రాంతాన్ని ఖాళీగా వదలక బూడిదరంగులో చూపించడం మరొకటి.