ఆటిజం పిల్లల కోసమని అమ్మే గట్ పౌడర్: రెండున్నర నెలలు వాడాక

కడుపు, పేగులు బాగుచేస్తుందని అమ్మే పొడి ఇది, మూడు నెలల కోర్సు 6,900 రూపాయలు. ఐదుకి రెండు స్టార్లు ఇస్తున్నా. అవి కూడా ప్యాకింగుకీ, కావలిలో మా ఇంటి దాకా టైముకి తెచ్చిచ్చిన కొరియర్ అబ్బాయికీ.

మా వాడికి ఆరేళ్లు. తినేది మూడే మూడు: పెరుగన్నం, ఇడ్లీ, మేరీ బిస్కెట్. అన్నం మీద పప్పు చుక్క పడితే కంచం తోసేస్తాడు. దొడ్డికి పోయేది నాలుగైదు రోజులకోసారి. ముందు రోజంతా మునివేళ్ల మీద నిలబడి, మంచం కోడుకి పొట్ట ఆనించి నొక్కుకుంటూ ఉండేవాడు. మాటలు రాని పిల్లాడు, నొప్పని ఎట్టా చెప్తాడు? మేమేమో అదీ ఆటిజమే అనుకున్నాం.

ఈ పొడి అమ్మేవాళ్ల తరఫున ఫోన్ చేసినావిడ సరిగ్గా అక్కడే పట్టుకుంది. "కడుపు బాగుపడితే మూడు నెలల్లో మాటలొస్తాయి మేడమ్" అంది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2017లో వేసిన పరిశోధన అంటూ వాట్సాప్‌లో పంపింది. డబ్బు కట్టాక గానీ నేనది చదవలేదు, నా తప్పే. అందులో ఉన్నది 18 మంది ఆటిజం పిల్లలు. వాళ్లకిచ్చింది పొడి కాదు, ముందు యాంటీబయాటిక్ వాడి, పేగులు కడిగి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలం నుంచి తీసిన సూక్ష్మజీవుల్ని. ఉత్తుత్తి మందిచ్చి పోల్చి చూసిందీ లేదు. ఈ స్ట్రాబెర్రీ వాసన పొడికీ దానికీ ఏం సంబంధం?

పొడితో పాటు డైట్ చార్టు. పాలు, పెరుగు, గోధుమ, మైదా బంద్. అంటే మా వాడికి మిగిలింది ఇడ్లీ ఒక్కటే. "పెరుగు లేకుండా పిలకాయకి ముద్ద ఎట్టా దిగుద్దే?" అని మా అత్త రోజూ గొడవ. తీరా ప్యాకెట్ వెనక చదివితే లాక్టోబాసిల్లస్ అని ఉంది. మా ఇంట్లో పాలు తోడుకునేదీ ఆ కోవ బ్యాక్టీరియాతోనే కదా! 22 రోజుల్లో కిలోన్నర తగ్గాడు. చార్టు చించేసి, పొడి మాత్రం కలుపుతూ వచ్చా. మొదటి వారం విరేచనం కాస్త తేలికైనట్టనిపించింది, తర్వాత మామూలే. మాటలు రాలేదు.

చివరికి పినాకిని రైలెక్కి నెల్లూరు పొగతోటలో పిల్లల డాక్టరుకి చూపించాం. పొట్ట నొక్కి చూసి, "మలం గట్టిపడి నిండిపోయిందమ్మా, పాపం ఎన్నాళ్లు ఓర్చుకున్నాడో" అన్నారు. మలం మెత్తబడే మందు రాశారు. పొద్దున టిఫిన్ అయ్యాక కాళ్ల కింద చిన్న పీట వేసి పది నిమిషాలు కూర్చోబెట్టమన్నారు. మూడు వారాలకి రోజు విడిచి రోజు పోతున్నాడు. పొట్ట నొక్కుకోవడం పోయింది, మణికట్టు కొరుక్కోవడం తగ్గింది, రాత్రిళ్లు నిద్రపోతున్నాడు. ఆటిజం అట్టాగే ఉంది. మాటల కోసం థెరపీకి వెళ్తూనే ఉన్నాం.

ఈ పిల్లల్లో మలబద్ధకం, కడుపునొప్పి మామూలు పిల్లల్లో కంటే ఎక్కువేనట. అయితే 2021లో ఆస్ట్రేలియాలో 247 మంది పిల్లల్ని పరిశీలిస్తే కడుపు వల్ల ఆటిజం అనే మాటకి వ్యవహారం తిరగేసి కనబడిందని డాక్టరు చెప్పారు. ఆటిజం వల్ల తిండిలో రకాలు తగ్గుతాయి, అందుకే పేగుల్లో సూక్ష్మజీవుల రకాలూ తగ్గుతాయని వాళ్ల లెక్క. మూడు రకాలే తినే మా వాణ్ణి చూస్తే నాకిదే నిజమనిపిస్తుంది.

మిగిలిన ప్యాకెట్లు వెనక్కి తీసుకోమంటే, "కోర్సు పూర్తి చేయకుండా ఎలా మేడమ్" అన్నారు. పదకొండు ప్యాకెట్లు ఫ్రిజ్ తలుపులో, పెరుగు గిన్నె పక్కనే ఉన్నాయి.